ముందు గేర్లు, ఆ తర్వాతే లాకరు

ఇక్కడ అమెరికాలో మన కుర్రాళ్ళకి గ్రీన్ కార్డు రాకపోయినా జీపు మాత్రం వచ్చేస్తోంది. మంచిదే, నాకూ ఆ పిచ్చి ఉంది. కానీ కొన్న మూడో నెలకి 37 అంగుళాల టైర్లు, ఆరో నెలకి వెనకాల లాకరు, యాక్సిల్లో గేర్లు మాత్రం కంపెనీ ఇచ్చినవే! అదేంటి గురూ అంటే, "అవి తర్వాత చూద్దాంలే, లాకరుంటే ఎక్కడికైనా ఎక్కేస్తుంది" అంటారు. ఈ మాట ఎవడు కనిపెట్టాడోగానీ వాడికో దండం.

లాకరు చేసే పని ఒక్కటే. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగా టార్క్ ఇస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే, దాన్ని ఊరికే తిప్పడానికి ఎంత కావాలో నేలమీదున్న చక్రానికీ అంతే దక్కుతుంది. బండి కదలదు. లాకరు వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, పట్టున్న చక్రం లాగుతుంది. అంతేగానీ లేని బలాన్ని లాకరు పుట్టించదు. ఆ పని గేర్లది.

కావాలంటే లెక్కేసుకోండి. మాన్యువల్ రాంగ్లర్ జేఎల్ స్పోర్ట్‌లో ఫస్ట్ గేరు 5.13, లో రేంజి 2.72, యాక్సిల్ 3.45. మూడూ గుణిస్తే 48. దీన్నే క్రాల్ రేషియో అంటారు. (అదే రూబికాన్‌లో 84!) సుమారు 31.5 అంగుళాల టైర్లు తీసేసి 37 వేశారా, ఆ 48 కాస్తా 41 తో సమానం. అంటే చేతి డబ్బులు పెట్టి మరీ బండిని బలహీనం చేసుకున్నారన్నమాట. యాక్సిల్లో 4.88 వేయిస్తే మళ్ళీ 58 దాకా వస్తుంది.

"ఎక్కలేకపోతే వెనక్కొచ్చేస్తాం, దానికింత గొడవెందుకు" అంటారా? నా గొడవ ఎక్కడం గురించి కాదండీ, దిగడం గురించి. నిటారు రాళ్ళ దారిలో బండిని పట్టి ఉంచాల్సింది ఇంజనూ, గేర్లూ. అవి చాలకపోతే భారమంతా బ్రేకుల మీదే. పక్క సీట్లో పెళ్ళాం, వెనక సీట్లో పిల్లాడు ఉన్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తే, లక్ష రూపాయల పైబడ్డ ఆ లాకరు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు.

మైలేజీ పడిపోతుందని ఇంకో వాదన. 37 టైర్లతో పాత 3.45 వేసుకుని హైవే ఎక్కండి, కాస్త ఎత్తు రాగానే ఆరో గేరు నుంచి దిగాల్సిందే. ఏ మైలేజీ గురించి మాట్లాడుతున్నారు బాబూ?

అన్నట్టు ఫోర్ వీల్ బండికి వెనకాల ఒక్కటే మారిస్తే కుదరదు. ముందు యాక్సిల్ రేషియో కూడా అదే ఉండాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు హరీ. ఖర్చు రెట్టింపు, నిజమే. అందుకే టైరు సైజు తేల్చుకోకుండా దేనిమీదా డబ్బు పెట్టొద్దంటున్నా. పాత డానా 44 యాక్సిల్ ఉన్నవాళ్ళకి ఇంకో తిరకాసు: 3.73, అంతకన్నా చిన్న అంకెలకి ఒక క్యారియరు, 3.92, ఆపైవాటికి ఇంకోటి. లాకరు కూర్చునేది ఆ క్యారియరు స్థానంలోనే. ముందు లాకరు కొనేసి తర్వాత గేర్లు మారిస్తే, ఆ లాకరు వాటికి సరిపోకపోవచ్చు.

పైగా గేర్లు మార్చాలన్నా, లాకరు పెట్టాలన్నా అదే డిఫరెన్షియల్ విప్పాలి, షిమ్ములు పెట్టి పళ్ళ మధ్య సందు మళ్ళీ సరిచూడాలి. రెండూ ఒకేసారి చేయిస్తే ఒకే కూలి. షాపువాడు చెప్పలేదే అంటారా? రెండుసార్లు విప్పితే రెండు కూలీలు వచ్చేవాడు ఎందుకు చెబుతాడండీ :)