కిరాయి ఒక్కటే చూసి ఊరు ఎంచుకోకండి



ఈ నెల మన గ్రూపులో ఒకటే ప్రశ్న మూడుసార్లు వచ్చింది. "కుటుంబాన్ని తెచ్చుకుంటున్న. ఇల్లు జెర్సీ సిటీలో తీసుకోవాల్నా, పక్కన బేయోన్‌లో తీసుకోవాల్నా? బేయోన్‌లో కిరాయి తక్కువ అంటున్నరు." జవాబు రాసినోళ్ళంతా కిరాయి గురించే రాసినరు. నేను వేరే మాట చెప్పాలనుకుంటున్న. ఈ విషయంలో తప్పు చేసి దెబ్బతిన్నోడిని కాబట్టి కొంచెం ఓపిక పట్టి చదవండి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. పదో తరగతి అయినంక సెంట్రింగ్ పని నేర్చుకున్న. 2002లో దుబాయ్ పోయిన. సోనాపూర్ క్యాంపులో పదిహేడేండ్లు ఉన్న. అన్నేండ్లలో ఏ ఊర్లో ఉంటవని నన్ను ఒక్కరు అడగలె. రూం కంపెనీదే, మంచం కంపెనీదే, తెల్లారి ఎక్కే బస్సు కంపెనీదే. గల్ఫ్ చూసినోళ్ళకు నా మాట అర్థమైతది. ఎక్కడ ఉండాలో ఎంచుకునే పని మన మగోళ్ళకు అలవాటు లేదు.

ఆ పని చేసింది ఇంటి దగ్గర మన ఆడోళ్ళు. మా బిడ్డను బడికి పంపే ఏడు పల్లె విడిచి టౌనుకు పోదామనుకున్నం. కోరుట్లనా, మెట్‌పల్లినా? రెండూ జగిత్యాల నుంచి నిజామాబాద్ పోయే రోడ్డు మీదనే, పక్కపక్కన. మాకు దొరికిన ఇండ్లలో మెట్‌పల్లిదే ఐదువందలు తక్కువ. నేను ఫోన్లో మెట్‌పల్లి అన్న. మా ఇంటామె రెండు ఊర్లూ కాలినడకన తిరిగి చూసి కోరుట్ల అన్నది. "బడికి నడిచి పోవచ్చు, దవాఖానకు నడిచి పోవచ్చు, బస్టాండుకు నడిచి పోవచ్చు. నువ్వు లేని ఇంట్ల తిరిగేది నేనే గదా" అన్నది. సరే అన్న. ఆ ఇంట్లో ఎన్నడూ ఇబ్బంది పడలె.

మా అక్క పెట్టిన ఫైలు పదిహేనేండ్లకు కదిలింది. 2021లో అందరం కలిసి ఇక్కడికి వచ్చినం. బిడ్డకు పదేండ్లు, కొడుక్కు నాలుగు. కొన్నాళ్ళు అక్క ఇంట్లో ఉండి, జెర్సీ సిటీ సైటులో పని దొరకంగనే ఇల్లు వెతికిన. నేనొక్కడినే వెతికిన. బేయోన్‌లో రెండు బెడ్‌రూంల ఇల్లు దొరికింది. జర్నల్ స్క్వేర్ దగ్గర అంతే ఇంటికన్నా నెలకు 350 డాలర్లు తక్కువ. సంతకం పెట్టి, ఆ తర్వాత ఇంటామెకు ఫోటోలు చూపెట్టిన.

కొత్తగా వచ్చేటోళ్ళకు ఈ రెండు ఊర్ల సంగతి చెప్తా. జెర్సీ సిటీ పెద్ద ఊరు. 2020 లెక్కల్లో జనం 2,92,449. దానికి దక్షిణాన, మూడు దిక్కుల నీళ్ళ నడుమ ఉండే చిన్న ఊరు బేయోన్. అక్కడ జనం 71,686. మన కూరగాయలు, మన పచ్చళ్ళు, మన హోటళ్ళు, మనోళ్ళకు దొరికే పనులు ఎక్కువగా జెర్సీ సిటీలో న్యూవార్క్ అవెన్యూ మీద ఇండియా స్క్వేర్‌లో ఉంటయి. దానికి దగ్గరి స్టేషను జర్నల్ స్క్వేర్. అక్కడి నుంచి న్యూయార్క్ పోయే పాథ్ రైలు రాత్రంతా నడుస్తది. బేయోన్‌లో పాథ్ స్టేషను లేదు, లైట్ రైల్ ఉన్నది. ఆ లైట్ రైల్ ఎక్స్‌చేంజ్ ప్లేస్, న్యూపోర్ట్ దిక్కు పోతది గాని జర్నల్ స్క్వేర్‌కు రాదు. ఎక్స్‌చేంజ్ ప్లేస్‌లో దిగి మళ్ళీ పాథ్ ఎక్కాలె, లేకపోతే కెనడీ బులెవార్డ్ మీద వచ్చే బస్సు పట్టాలె. మ్యాపులో చూస్తే పక్కపక్క ఊర్లే. పొద్దుమాపు తిరిగే మనిషికి మాత్రం పక్క కాదు.

మా ఇంటామెకు న్యూవార్క్ అవెన్యూలో ఒక దుకాణం వంటింట్లో పని దొరికింది. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా. నా డ్యూటీ మూడున్నరకు అయిపోతది, ఇంటికి చేరేసరికి నాలుగుంబావు. ఆమె టైముకు పోవాలంటే నేను రాకముందే ఇల్లు విడవాలె. పిల్లలను ఎవరికి అప్పజెప్తది? అందుకని ఐదింటికి వస్తా అని సేటును బతిమాలుకున్నది. రోజుకు గంట కూలి పోయింది. వారానికి ఆరు గంటలు. అప్పుడు, 2022లో, ఈ రాష్ట్రంలో కనీస కూలి గంటకు 13 డాలర్లు. అంటే వారానికి 78, నాలుగు వారాలకు 312. రాత్రి బస్సు తప్పిపోతే, చలి ఎక్కువుంటే ట్యాక్సీ. వారానికి రెండుసార్లు, మనిషికి పన్నెండు డాలర్ల లెక్కన నాలుగు వారాలకు 96. మొత్తం 408. నేను మిగిలించిన అనుకున్నది 350. పొదుపు అని చెప్పి నెలకు 58 డాలర్లు పోగొట్టిన.

పైసలు పోతే పోయినయి. ఒకనాడు సైటులో కాంక్రీటు బండి లేటు వచ్చింది. స్లాబు సగంలో ఇడిచిపెట్టి రాలేం గదా. దుకాణంలో ఆ రోజు మనుషులు లేరని మా ఇంటామెను నాలుగింటికే రమ్మన్నరు. నేను వస్తనే ఉంటా అనుకొని ఆమె పోయింది. నేను ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. చలికాలం, చీకటి పడ్డది. తాళం తీసి చూస్తే బిడ్డ తమ్ముణ్ణి ఒళ్ళో పట్టుకొని చీకట్లో కూసున్నది. లైటు ఎందుకు వెయ్యలేదమ్మా అంటే, "ఎవరన్నా తలుపు కొడితే ఇంట్ల ఎవ్వరు లేరు అనుకోవాలె గదా నాన్నా" అన్నది. ఆ రాత్రి ఇంటామె నన్ను తిట్టలె. ఒక్కటే మాట అన్నది. "కోరుట్లల ఇల్లు తీసుకునేటప్పుడు నన్ను అడిగినవ్. ఇక్కడ అడగకపోతివి."

అగ్రిమెంటు అయిపోంగనే జర్నల్ స్క్వేర్ దగ్గరికి మారినం. ఇల్లు చిన్నది, మూడో అంతస్తు, బండి పెట్టుకునే జాగా కోసం రాత్రి అరగంట తిరుగుడు. అయినా ఆమె పనికి నడిచి పోతది. నేను సైటు నుంచి వచ్చి గడప దాటంగనే ఆమె బయలుదేరుతది. పిల్లలు ఒక్క నిమిషం ఒంటరిగ ఉండరు.

నేను బేయోన్‌ను తిడుతలేను. నెమ్మదైన ఊరు. భార్యాభర్తలిద్దరికీ బండి నడపడం వస్తే, లేదా పని బేయోన్ గోదాముల్లోనో, బేయోన్ బ్రిడ్జి అవతల స్టేటెన్ ఐలాండ్‌లోనో ఉంటే, ఆ ఊరే మంచిది. ఎక్స్‌చేంజ్ ప్లేస్ దిక్కు పనిచేసేటోళ్ళకు లైట్ రైల్ నేరుగ పోతది. అటువంటోళ్ళు నా మాట విని జెర్సీ సిటీలో ఎక్కువ కిరాయి కట్టొద్దు. నేను చెప్పేది ఒకటే. ఇంట్లో బండి నడపరాని మనిషి ఎవరో చూడండి. ఆ మనిషికి ఏ ఊరు నడుస్తదో, కుటుంబానికి అదే ఊరు.

"కిరాయి చేతిలో కనపడుతది, నడక కనపడదు, మా దగ్గర పైసలే లేకపోతే ఏం చెయ్యాలె" అని ఒక తమ్ముడు అడిగిండు. నిజమే. చేతిలో లేనిది ఎవ్వరూ కట్టలేరు. అందుకే కాగితం మీద లెక్క వెయ్యమంటున్న. కిరాయి పక్కన ఇద్దరి రైలు, బస్సు చార్జీలు రాయండి. పోయే గంటల కూలి రాయండి. రాత్రి ట్యాక్సీ రాయండి. అప్పుడు కూడ బేయోన్ తక్కువ వస్తే బేయోన్‌కే పోండి. లెక్క మాత్రం ఇద్దరూ కూసొని వెయ్యండి.

ఇల్లు చూడనీకె ఆదివారం ఒక్కటే పోకండి. ఆదివారం రోడ్లు ఖాళీ, బస్సుల టైము వేరే. పనిదినం నాడు, ఇంటామె పనికి పోయే టైముకే ఆ ఇంటి నుంచి బయలుదేరి దుకాణం దాకా పోయి రండి. రాత్రి పదింటికి మళ్ళీ ఒకసారి. ఆమెనే ముందు నడవనియ్యండి, మీరు వెనక నడవండి.

చిన్న పిల్లలున్నోళ్ళకు బడి సంగతి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1998లో కొన్ని స్కూలు డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేండ్ల పిల్లలకు ప్రీస్కూల్ పెట్టాలని తీర్పు ఇచ్చింది. అందులో జెర్సీ సిటీ ఉన్నది, బేయోన్ లేదు. బేయోన్‌కు పోయేటోళ్ళు ప్రీస్కూల్‌లో సీటు ఉన్నదా లేదా అని ముందే అడగండి. ఇంకో మాట. బడిలో చేర్పించేటప్పుడు అడ్రసు రుజువు అడుగుతరు గాని, కాగితాలు లేవని పిల్లలను వాపసు పంపొద్దు. అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే ఆ మాట చెప్పింది. భయపడి పిల్లలను ఇంట్లో కూసోబెట్టకండి.

సంతకం పెట్టే ముందు, ఏ ఊరైనా సరే, ఇవి మర్చిపోకండి. అడ్వాన్సు నెలన్నర కిరాయి దాటి అడగొద్దు, అది రాష్ట్ర చట్టం. ఖాళీ చేసినంక 30 రోజుల్లో లెక్క చెప్పి వాపసు ఇయ్యాలె. బ్రోకరు ఫీజు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. జెర్సీ సిటీలో ఐదు, అంతకన్నా ఎక్కువ వాటాలున్న పాత బిల్డింగు అయితే కిరాయి మామూలు పెంపు ఏడాదికి 4 శాతం దాటొద్దని ఊరి చట్టం. నాలుగు, అంతకు తక్కువ వాటాల ఇంటికి ఆ చట్టం లేదు. మనం ఎక్కువగా ఉండేది ఆ చిన్న ఇండ్లలోనే. కాబట్టి ఈ ఏడు కిరాయి ఎంత అని ఒక్కటే కాదు, వచ్చే ఏడు ఎంత పెంచుతవు అని కూడ అడగండి.

సూపర్‌వైజరుగ ఒక మాట. తక్కువకు వస్తుందని బేస్‌మెంటు తీసుకోవద్దు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వానకు న్యూయార్క్ బేస్‌మెంట్లలో మనుషులు నీళ్ళలో చిక్కి చచ్చిపోయినరు. బయటికి పోనీకె రెండో దారి లేని గది కిరాయికి పనికిరాదు. గోడ కింద చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ ఉంటే రంగు ఉబ్బి ఉంటది. 2024 మార్చి నుంచి ఈ రాష్ట్రంలో ఇంటి ఓనరు ఆ ఇంటికి వరద ముప్పు ఉన్నదా, ఇదివరకు నీళ్ళు వచ్చినయా అన్నది రాసి ఇయ్యాలె. అడిగి తీసుకోండి.

గల్ఫ్‌లో మనకు మంచం చూపెట్టి ఇక్కడ పడుకో అన్నరు, పడుకున్నం. అది బతుకుతెరువు. ఇక్కడ కుటుంబాన్ని తెచ్చుకున్నోళ్ళు ఇంటామెకు ఇల్లు చూపెట్టి ఇక్కడ ఉండు అంటే, మనం చేసేది కూడ ఆ కంపెనీ పనే. అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు ఆమెను తీసుకపోండి. ఆమె ఇంకా ఇండియాలో ఉంటే వీడియో కాల్ పెట్టి, ఇంటి లోపల కాదు, ఇంటి ముందు నుంచి బస్‌స్టాప్ దాకా నడుస్తూ చూపెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆమెనే లెక్కపెట్టనియ్యండి.