బుస్సీ వెడలిన పిదప

బిలాస్‌పూరునకు పశ్చిమమున ముంగేలి బాటమీదనున్న ఈ తఖత్‌పూరునందు బొబ్బిలి ప్రసంగమేమని దక్షిణదేశపు పాఠకులకు వింతగా దోపవచ్చును గాని, విజయనగర పార్వతీపుర ప్రాంతములనుండి రైలుకొలువునకై బిలాస్‌పూరు చేరి అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములవారు చుట్టపుచూపుగా ఇటు వచ్చినప్పుడెల్ల, సాయంకాలపు వసారాలో ఆ కోట మరియొక్కమారు కూలక తప్పదు. మొన్న కూలినప్పుడు, లోకోషెడ్డులో ఉద్యోగము చేసి విశ్రాంతి గొన్న మా బావగారు తీర్పు చెప్పివేసిరి: “శౌర్యమనునది బుఱ్ఱకథవాండ్ర సొత్తోయి. బుస్సీకి ఫిరంగులున్నవి, మనవారికి కత్తులున్నవి. అంతే కథ. నేడు డ్రోనులున్నవాడు గెలుచును.”

ఈ తీర్పు ఆయన సొంతము కాదు. పరాజయమునకు ఆయుధమునే కారణముగా జూపుట చదువుకొన్నవారిలో ఒక మర్యాదయైనది. అట్లు చెప్పిన ఓడినవాని గౌరవమును నిలుచును, చెప్పువానికి శాస్త్రజ్ఞానమున్నట్లును కనబడును. ఇన్ని సౌకర్యములున్న మాట నిజముకూడ నగునేని బాగుండెడిది.

1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి బురుజులను పగులగొట్టినవనుటలో సందేహము లేదు. కాని పగిలిన గోడగుండ లోనికి పోవలసినది మనుష్యుడు. ఆ గండ్లయొద్ద దుర్గరక్షకులు గంటలతరబడి ఎదిరించి వచ్చినవారిని వచ్చినట్లే త్రోసివేయుచుండగా, మరల మరల వెనుదీసియు మరల వరుసగట్టి ముందునకు వచ్చిన ఆ సిపాయిలెవ్వరు? వారిలో అధిక సంఖ్యాకులు ఈ దేశపు బిడ్డలే, కవాతు నేర్చినవారు, నెలజీతమందుకొనువారు. ఆ జీతము కొఱకే బుస్సీ 1753లో నిజాము సలాబత్ జంగునొద్ద శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను సంపాదించెను. నాలుగు సర్కారుల శిస్తు సైన్యపు బత్తెమునకై వ్రాయించుకొన్న ఆ పరాసువానికి, యుద్ధమున ఏది ముఖ్యమో మా బావగారికంటె కొంత యెక్కువగనే తెలిసియుండెనని నా యభిప్రాయము.

దైవికముగా చరిత్రయే ఈ వివాదమును పరీక్షించి చూచినది. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ పిలుపుపై బుస్సీ దక్షిణమునకు వెడలిపోగా, ఫిరంగులు నిలిచినవి, సిపాయిలు నిలిచిరి, సర్కారులు నిలిచినవి; నాయకుడు మాత్రము మారి కాన్‌ఫ్లాన్సు వచ్చెను. ఆ డిసెంబరులోనే పిఠాపురము చేరువనున్న చందుర్తియొద్ద, ఇంచుమించు 500 మంది ఐరోపావారును, 6,000 సిపాయిలును, 30 ఫిరంగులును గల ఆ సైన్యమును, 470 మంది ఐరోపావారు, 1,900 సిపాయిలు, ఆఱు ఫిరంగులతోను, విజయనగరపు ఆనందగజపతి బలముల తోడ్పాటుతోను వంగదేశమునుండి వచ్చిన ఆంగ్లేయ సేనాని ఫోర్డు ఎదుర్కొనెను. వంగదేశపు సిపాయిల ఎఱ్ఱయంగీలను జూచి ఆంగ్లేయదళమే యదియని భ్రమసి, ఫ్రెంచివారు వారిపైబడి, వారు వెనుదీయగానే విజయము చేజిక్కెనని వరుసలు విడిచి పరుగులిడిరి. ఎత్తుగా పెరిగిన పైరుచాటున మాటువడియున్న అసలు ఆంగ్లేయదళము అప్పుడు వెలికివచ్చి, చెదరని వరుసలో నిలిచి కాల్చెను. ఉభయపక్షముల తుపాకులలోను చెప్పదగిన భేదము లేదు. ముప్పది ఫిరంగులు ఆఱింటికి ఓడుటను లోహశాస్త్రముచే నెట్లు సాధింతురో నాకు బోధపడకున్నది.

అట్లని సాహసమొక్కటియే చాలునను వారి పంక్తిలో నన్ను గూర్చుండబెట్టకుడు. 1794 జూలై 10వ తేదీన పద్మనాభమున విజయనగరపు చిన విజయరామరాజు తన వారితో ఆంగ్లేయ సేనాని ప్రెండర్‌గాస్టు దళముల కెదురొడ్డి మరణించెను. ఆ పోరు గంటసేపైనను సాగలేదు. ప్రాణములిచ్చుటలో వారికి లోపము లేదు, కాని ప్రాణమిచ్చుట వేఱు, పక్కవాడు కూలినను వరుస చెదరకుండ తుపాకిలో మరల మందు కూరుట వేఱు. రెండవది వేయిమార్లు చేసిన చేతికే పట్టుపడును. 1965 సెప్టెంబరున అసల్ ఉత్తర్‌లో మనవాండ్ర టాంకులకంటె క్రొత్తవైన పాకిస్తానువారి పాటన్ టాంకులు నీటితో తడిపిన చేలలో దిగబడి మన పరమైనప్పుడును, వాని ఉక్కులో లోపమేమియు లేదు. డ్రోను మాట యెత్తువారు ఈ రెంటిని మనసునందుంచుకొని మాటాడవలెను.

మనోబలమనగా జెండా చూచి పులకరించుటయని కొందఱు తలంతురు. 1759 మార్చిలో ఫ్రెంచివారి వశమందున్న మచిలీబందరును ముట్టడించియున్న ఫోర్డు శిబిరమున ఐరోపా సైనికులే కొల్లసొమ్ము అందలేదని తిరుగబడి, ముట్టడి విడిచి పోయెదమనిరి. ఫోర్డు ఉపన్యసింపలేదు, సొమ్ము విషయమై మాట యిచ్చెను, వారా మాటను నమ్మిరి. ఆ నమ్మకమే నేను చెప్పు మనోబలము. ఏప్రిల్ 7వ తేదీనాటికి శిబిరమున రెండుదినములకు సరిపడు మందుగుండు మాత్రమే మిగిలెను, సలాబత్ జంగు సేనలు సమీపించుచుండెను, దుర్గములోని బలము ముట్టడించినవారి కంటె అధికము. అయినను ఆ నడిరేయి, సముద్రపు నీరు తీసిన వేళ, కొందఱు రొంపిగుండ ఒకవైపున, ఆనందగజపతివారు వాకిటివైపున అలజడిచేయగా, తక్కినవారు బురుజుల నెక్కిరి. ఎటునుండి ఏ వార్త వచ్చినను దానికి తగిన యొక యాజ్ఞను, వెంటనే దానికి విరుద్ధమైన వేఱొక యాజ్ఞను పంపుచు కాన్‌ఫ్లాన్సు తుదకు లొంగుబాటు కబురంపెను. తెల్లవారుసరికి దుర్గమందలి 120 ఫిరంగులును, వానినెవ్వరు కదలింపకయే, యజమానిని మార్చుకొనెను.