మున్నేటి వరద ఎవరి పాపము?

మున్నేరు పొంగినప్పుడెల్ల మన సంఘములలో ఒక మాట వినబడుచున్నది: ఇది జనుల పాపఫలమట, అంత్యదినముల గురుతట. చెప్పువారు భక్తిపరులే. అయినను ఆ మాట తప్పని చెప్పుటకే వ్రాయుచున్నాను.

2023 జూలై ఆఖరున కీసర దగ్గరనున్న ఐతవరము వద్ద ఏరు హైదరాబాదు రహదారి నెక్కి రాకపోకలు నిలిచిపోయెను. 2024 సెప్టెంబరు మొదట మరల అంతే. మునిగిన చేను ప్రార్థనాపరునిదా, త్రాగుబోతుదా అని ఏరు అడిగెనా? సిలోయము గోపురము కూలి చచ్చినవారు తక్కినవారికంటె పాపులా అని ప్రభువే అడిగెను గదా!

మార్పు వచ్చినదని రైతుకు తెలియును. (క్రైస్తవులమైనను కార్తెల లెక్క మనమెవ్వరము మానలేదు.) మృగశిరలో పత్తి విత్తి, మొలక మాడిపోగా మరల గింజలు కొన్నవానికి ఎవరును చెప్పనక్కరలేదు. కాని కారణ మడిగితే, ఎవరు నిలిచిన గట్టునుబట్టి వారి మాట. సాగరు ఎడమకాలువ క్రిందివాడు నీరు రాకున్న లస్కరును తిట్టును. మెట్టవాడు మబ్బును చూచును. కౌలుదారునికి కౌలు గడువే కాలము. నిరుటి వరద ఇరువది ఏండ్ల జ్ఞాపకమును కప్పివేయును. వానలు తగ్గినవందుము, మొత్తము తగ్గకయే, వాన దినములు తగ్గి అంతయు ఒక్క రాత్రి కుమ్మరించినను మనకట్లే తోచును. అట్టివానికి ప్రసంగపీఠమునుండి పాపఫలమని చెప్పినయెడల, ఇక విచారించుట మానివేయును.

కారణము మరుగైనది కాదు. బొగ్గు, పెట్రోలు కాల్చగా పుట్టు బొగ్గుపులుసు వాయువు 1958లో గాలిలో పదిలక్షల పాళ్లకు 315 పాళ్లుండెను. నేడు 420 దాటినది. అది వేడిని పట్టియుంచును. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన, నూటికి ఇంచుమించు 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయును. కురిసిన నాడు కుండపోతయే. పాపమనియే అనవలెనన్న, అది ఆ పొగను లెక్కలేక విడిచినవారిది. కొయ్యకాళ్లు తగులబెట్టు మనకును అందులో పిసరంత పాలు గలదు. మునిగిన కౌలుదారునిది మాత్రము కాదు.

యోసేపు కరవు రానున్నదని తెలిసి ఐగుప్తీయుల పాపములు లెక్కించుచు కూర్చుండలేదు; కొట్లు కట్టించి ధాన్యము నింపెను.

సంఘ కాపరులారా, గుడి ఆవరణలో వానమాపకము నొకటి పెట్టించుడి. నల్లరేగడిలో 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన పడనిదే పత్తి విత్తవద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ వారము ఎంత పడెనో ఆదివారపు ప్రకటనలలో చదివించుడి.