సీమకు కుజదోషం లేదు

గండికోట గురించి రాసేవాళ్ళ దగ్గర రెండు పోలికలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పాతది "ఇండియన్ గ్రాండ్ కాన్యన్". కొత్తది "అచ్చం మార్స్". మొదటిది టూరిజం బోర్డుల మీది మాట, పోనిద్దాం. రెండోది మాత్రం కవితల్లోకి, ట్రావెలాగుల్లోకి మెల్లగా పాకుతోంది. ఎర్ర రాయి, ఎండిన ఏరు, చెట్టు లేని మైదానం. ఇంకేం, సీమ అంటే అంగారకుడే! ఈ పోలికతో నాకు పేచీ ఉంది. అందులో అబద్ధం ఉన్నందుకు కాదు, సగం నిజం ఉన్నందుకు.

ఆ సగం ముందే ఒప్పుకుందాం. అంగారకుడి మీద నదులు పారాయి. 1971లో దాని కక్ష్యలోకి చేరిన మారినర్ 9 పంపిన ఫొటోల్లో కొమ్మలు కొమ్మలుగా చీలిన లోయలు కనిపించాయి. 2012లో గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటీకి నున్నటి గులకరాళ్ళు అతుక్కుపోయిన రాతిపొర దొరికింది. ఆ సైజు రాళ్ళని గాలి మోయలేదు. నీళ్ళే దొర్లించి అరగదీసి ఉండాలి. 2021లో పర్సెవరెన్స్ దిగిన జెజెరో బిలంలో అయితే, ఒక నది సరస్సులో కలిసిన చోట మేట వేసిన డెల్టాయే ఉంది. ఇదంతా దాదాపు 350 కోట్ల ఏళ్ళ కిందటి ముచ్చట. అక్కడి పెద్ద లోయల్లో కొన్నిటికి రకరకాల భాషల్లో ఆ గ్రహానికున్న పేర్లే పెట్టారు. సంస్కృతం వాటాకి వచ్చింది మంగళ వల్లెస్.

పర్సెవరెన్స్ అక్కడ వెతుకుతున్నది, ఒకప్పుడు సూక్ష్మజీవులేమైనా బతికి ఉంటే రాతిలో వదిలిన గుర్తుల్ని. అలాంటి గుర్తులు గండికోటకి దక్షిణాన, వేంపల్లె డోలమైట్ రాళ్ళలో పొరలు పొరలుగా ఉన్నాయి. స్ట్రొమాటోలైట్లు అంటారు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. మనం నిర్జీవం అని రాసేస్తున్న నేల, జీవం ఎంత పాతదో చెప్పే సాక్షి అన్నమాట. పోలిక అక్కడే సగం కూలిపోయింది.

మిగతా సగం ఇంకా ప్రమాదం. అంగారకుడు ఎందుకు ఎండిపోయాడు? అయస్కాంత క్షేత్రం పోయింది, సూర్యుడి నుంచి వచ్చే గాలి వాతావరణాన్ని ఊడ్చుకుపోయింది, నీళ్ళు కొంత ఆకాశం పాలై, కొంత మంచుగా, కొంత ఖనిజాల్లో ఇంకి మిగిలాయి. అందులో ఎవరి తప్పూ లేదు. ఏ ఆఫీసులోనూ ఏ ఫైలూ కదల్లేదు. ఆ పక్కన సీమని నిలబెట్టగానే ఏమవుతుంది? ఇక్కడి ఎండ కూడా గ్రహస్థితి అయిపోతుంది. కుజదోషం ఉన్న పిల్లకి పెళ్ళి కాలేదన్నట్టు, సీమకి నీళ్ళు రాలేదు, అంతే!

1877లో స్కియాపరెల్లి అనే ఇటలీ శాస్త్రవేత్త అంగారకుడి మీద గీతలు చూసి "కనాలీ" అన్నాడు. వాళ్ళ భాషలో ఆ మాట సహజంగా ఏర్పడిన పాయలకీ చెల్లుతుంది. ఇంగ్లీషులో అది కెనాల్స్ అయి కూర్చుంది. తర్వాత అమెరికాలో పెర్సివల్ లోవెల్, ఎండిపోతున్న తమ లోకాన్ని కాపాడుకోడానికి అక్కడి జీవులు ధ్రువాల నుంచి కాలువలు తవ్వుకున్నారని పుస్తకాలే రాశాడు. సరిగ్గా ఆ 1877లో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో జనం ఆకలికి చచ్చిపోతున్నారు. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసింది. సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కాలువ అప్పటికే ఉంది. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ లాభం కోసం మొదలుపెట్టిన ఆ కేసీ కెనాల్‌ని, లెక్క కుదరక, 1882లో ప్రభుత్వం కొనేసింది.

తెలుగులో అయితే స్కియాపరెల్లి మాటకి ఆ గందరగోళం వచ్చేది కాదు. మనకి వంక వేరు, కాలువ వేరు. వంకని వాన చేస్తుంది, కాలువని మనిషి తవ్వుతాడు. వంక ఎండితే ఆకాశం కేసి చూస్తాం. కాలువ ఎండితే మనిషిని అడగాలి. మార్స్ పోలిక చేసే పని ఈ తేడాని చెరిపేయడం.

అడగాల్సినవి తేదీలతో సహా ఉన్నాయి. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో సీమకి ముందు వాటా అని రాసుకున్నారు. ఆ మాట ఏమైంది? 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు జిల్లా పల్లెల్ని ఖాళీ చేయించారు. ఆ జలాశయం నుంచి సీమకి నీళ్ళు తిప్పే పోతిరెడ్డిపాడుకి సరిగా అందాలంటే మట్టం 854 అడుగులకి పైన ఉండాలి. 1996లో 69వ నంబరు జీవోతో కనీస మట్టాన్ని 834కి దించారు. ఇరవై అడుగులు! దీనికి ఏ గ్రహం బాధ్యత?

వర్షచ్ఛాయ ప్రాంతం కదా, ప్రకృతే అంత, అంటారు. నిజమే, వాన తక్కువే. కానీ కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు పడుతుంది. పడినప్పుడు ఊరుకోదు కూడా. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట దగ్గరి పల్లెలు కొట్టుకుపోయాయి. నది చచ్చిపోయిందని నమ్మినవాళ్ళు ఒడ్డున జాగ్రత్తగా ఉండరు, కట్టలూ బాగుచేయరు. "మార్స్" అన్న మాట అలంకారంగానే మిగిలిపోదు.

ఎండినప్పుడు కూడా అది చావు కాదు. పెన్న, పాపాఘ్ని, చిత్రావతి ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరేవి. ఆ ఊట నుంచే ఊటకాలువలు తవ్వి వరి పండించిన ఊళ్ళున్నాయి. పై నుంచి చూసేవాడికి ఎండిన ఏరు, ఊరివాళ్ళకి ఇసుక కింద దాచిన చెరువు. ఆ ఇసుకని లారీలకెత్తాక మిగిలేదే అసలు అంగారకుడు. దాన్ని మనమే తయారు చేస్తున్నాం.

అంతరిక్షానికి డబ్బులు దండగ అనే పాత వాదన కాదిది. 2013 నవంబరు 5న మంగళయాన్ ఎగిరిన శ్రీహరికోట, పెన్న సముద్రంలో కలిసే చోటు, అప్పట్లో రెండూ ఒకే నెల్లూరు జిల్లాలో ఉండేవి. రెండూ మనవే. నాకు కావలసింది ఆ శ్రద్ధ. అక్కడ ఒక గులకరాయి కనిపిస్తే ఇది ఏ నీళ్ళకి అరిగింది, ఎంత లోతున పారింది, ఎప్పుడు ఆగింది అని అడుగుతున్నాం. కుందూ ఒడ్డున, పాపాఘ్ని ఒడ్డున అవే ప్రశ్నలు అడగమంటున్నాను. ఇక్కడైతే ఇంకోటి కూడా అడగొచ్చు, ఎవరు ఆపారు అని.

కాబట్టి సీమ ఏటి గురించి రాసేటప్పుడు ఎర్రగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది అని ఆగిపోకండి. గండికోట అంచున ఫొటో తీసుకోండి, తప్పులేదు. ఆ పక్కనే, కృష్ణ నీళ్ళు నిలబెట్టిన గండికోట జలాశయం కింద తాళ్ళ ప్రొద్దుటూరు అనే ఊరు మునిగి ఉందని కూడా రాయండి. అక్కడ మనుషులున్నారు, వాళ్ళకి ఇంకా నీళ్ళు కావాలి.