మీకు మాన్యువల్ రాదు అన్న అన్నలకు

కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

మా హాస్టల్లో ఎనిమిది మందిమి తలా కొంత వేసుకుని ఒక పాత రీలు కెమెరా కొనుక్కుని ఫోటోగ్రఫీ నేర్చుకుందాం అనుకున్నం. ఏది కొనాలె అని గ్రూపుల అడిగితే రెండు రకాల జవాబులు వచ్చినయి. ఒకటి: "చేతిల ఫోన్ ఉండంగ ఇదెందుకు, డబ్బున్నోళ్ల సోకు." రెండోది: "కొంటే కొనుండ్రి గాని ఆటో ఉన్నది కొనుండ్రి, మాన్యువల్ మీకు రాదు." మొదటి మాట మీద నాకు కోపం లేదు, రూపాయి విలువ తెలిసినోళ్ల మాట అది. నా కొట్లాట రెండోదాని మీదనే.

ఏం రాదు? మాన్యువల్ కెమెరాల మనం చూసుకోవాల్సినవి మూడే. అపర్చర్ ఎంత తెరవాలె, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలె, ఫోకస్ ఎక్కడ పెట్టాలె. 100 స్పీడ్ రీలు వేసి, మంచి ఎండల అపర్చర్ 16 మీద, షట్టర్ 125 మీద పెడితే ఫోటో వస్తది. మబ్బు పట్టిందా, అపర్చర్ 8కి తెరువు. మీటర్ లేకున్నా నడిచే లెక్క ఇది. మబ్బు చూసి వాన సంగతి చెప్పే ఇండ్ల నుంచి వచ్చినోళ్లం, మాకు ఎండ లెక్క రాదా అన్నా?

ఆటో ఎందుకు వద్దంటున్ననో వినండి. ఆటో అయినా, మీటర్ అయినా, ఎదురుంగ ఉన్నదంతా నడిమి బూడిద రంగు అనుకుని లెక్క కడతది. మా అవ్వ గుడిసె గుమ్మంల నిలబడి, వెనుక తెల్లగ వాకిలి ఉంటే, ఆ వెలుతురు చూసి లెక్క తగ్గిస్తది. అవ్వ ముఖం మసి అయితది. ఫోన్ అయితే ఇంకో వేషం, అడగకుండనే ముఖం తెల్లగ చేసి ముడతలు తుడిచేస్తది. మాన్యువల్‌ల నేను అవ్వ దగ్గరికి పోయి ముఖం మీద వెలుతురు కొలుస్త, ఒక మెట్టు తగ్గిస్త, వెనక్కి వచ్చి నొక్కుత. నలుపు నలుపు లెక్కనే వస్తది, కండ్లు కనబడతయి. ఎంత తగ్గించాలె అన్నది నా ఇష్టం, మిషన్ ఇష్టం కాదు.

రీలు ఏదో పుణ్యం చేసిందని అనడం లేదు. కలర్ ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద ఏండ్ల తరబడి ఉన్నది తెల్ల ఆడవాళ్ల ముఖమే. అందుకే చెప్తున్న, లెక్క మన చేతిల ఉండాలె.

ఇంకో సంగతి. 1940లలో హైమెండార్ఫ్ దొర మార్లవాయిల ఉండి మన గోండుల ఫోటోలు తీసిండు. మన కోసం పని చేసిండు, కాదనను. ఆయనదీ బెట్టీదీ సమాధులు అక్కడనే ఉన్నయి. కాని మన తాతల ఫోటోలు ఎక్కడున్నయి? లండన్‌ల, సోయాస్ ఆర్కైవ్‌ల. ఇప్పుడు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి చూడండి, పొడుగు లెన్సులోళ్లు పట్నం నుంచే వస్తరు. మనం ఎప్పుడూ కెమెరా ముందటనే.

సరే, ఏది కొనాలె. నా ఓటు పెంటాక్స్ కె1000కి. 1976ల వచ్చింది, ఇరవై ఏండ్లకు పైన తయారైంది. బ్యాటరీ మీటర్ ముల్లుకు మాత్రమే, షట్టర్ స్ప్రింగుల మీద నడుస్తది. బ్యాటరీ చచ్చినా ఫోటో ఆగదు. మీరు చెప్పిన కానన్ ఏఈ-1 కూడా అదే ఏడాదిది, మంచిదే. కాని బ్యాటరీ అయిపోతే షట్టరే పడదు, మా ఊర్ల ఆ బ్యాటరీ ఏ కిరాణం ల అడగాలె? నికాన్ ఎఫ్ఎం2 ఇంకా గట్టిది, సెకనుల 4000వ వంతు దాక పోతది. నేర్చుకునేటోళ్లకు అంత స్పీడ్ అక్కర్లేదు.

ఖర్చు దాచిపెట్టను. రీలు, కడిగించడం, స్కాన్ అన్నీ కలిపి 1000 దాటుతది. 36 ఫోటోలకు లెక్కేస్తే ఒక్క నొక్కుడు దాదాపు 30 రూపాయలు. అందుకే నెలకు ఒక్కటే రీలు, తలా 125 పైన. మనిషికి నాలుగైదు ఫోటోలే వస్తయి, ప్రతిదానికి అపర్చర్, షట్టర్ నోటుబుక్కుల రాసుకుంటం. ఎందుకు చెడిందో అప్పుడు తెలుస్తది. ఫోన్‌ల రెండొందలు తీసి, నూటతొంభై చెరిపేసేటోనికి ఏం తెలుస్తది? పాత డిజిటల్ కెమెరాల మాన్యువల్ మోడ్ మీద నేర్చుకోవచ్చు కదా అంటే, నేర్చుకోవచ్చు. నిజంగ చవకనే పడతది. కాని కష్టమైన చోట వేలు డయల్‌ను ఆటో వైపు తిప్పుతది, నన్ను నేను ఎరుగుదును.

ఇప్పుడు అసలు పని. మండలాల్లో పాత స్టూడియోలు చాలా మూతబడ్డయి, బీరువాల్లో కెమెరాలు పడి ఉంటయి. మీకు తెలిసినోళ్లు ఉంటే అడగండి. ఊరికే వద్దు, ధర చెప్పమనండి. 50 ఎంఎం లెన్స్ ఉండాలె. లెన్సును వెలుతురుకు పట్టి ఫోటో తీసి పంపండి, లోపల సాలెగూడు లెక్క ఫంగస్ ఉంటే వద్దు. వెనుక మూత తీసి షట్టర్ 1 సెకను మీద పెట్టి నొక్కి వీడియో కూడా పంపండి. మూత అంచు స్పాంజి జిగటగ కారినా పర్వాలేదు, అది మేము మార్చుకుంటం.