ముందు మాస్కు.. తర్వాతే రంపం!

శని, ఆదివారాలు వస్తే చాలు.. బాల్కనీలోనో, పార్కింగ్‌ మూలనో, డాబా మీదో రంపం చప్పుడు వినిపించే ఇళ్లు ఇప్పుడు నగరాల్లో కొత్త కాదు. వారమంతా కంప్యూటర్‌ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి, ఈమధ్యే రిటైరైన బ్యాంకు మేనేజరు, వీడియోలు చూసి సొంతంగా పుస్తకాల అర చేసుకోవాలని సరదాపడే ఇంటర్‌ కుర్రాడు.. అందరికీ చెక్కపని మీద మనసు పోతోంది. చెప్పుల స్టాండు, పూజగదిలోకి చిన్న పీట, మనవరాలికి ఊగే గుర్రం.. ఈ వారం ఏం చేయాలో జాబితా సిద్ధంగానే ఉంటుంది.

దాంతోపాటే కొనాల్సిన వస్తువుల జాబితా కూడా. డ్రిల్లు, జిగ్‌సా, సర్క్యులర్‌ సా, రౌటర్‌, సాండర్‌.. ఇలా సాగుతుంది. మాస్కు మాత్రం చివర్లో ఉంటుంది. చాలాసార్లు అసలే ఉండదు. నా అభిప్రాయం ఒక్కటే. ఈ జాబితాను తలకిందులు చేయాలి. మాస్కు మొదట, మిషన్లు చివర.

మేలుకు కొదవ లేదు

చెక్కపనిని ‘ఇంట్లో చెత్త తప్ప ఏముంది’ అని తీసిపారేయొద్దు. 65 ఏళ్లు దాటిన సుమారు 93 వేల మంది వివరాలను 16 దేశాల నుంచి సేకరించి విశ్లేషించిన అధ్యయనం ఒకటి 2023లో ‘నేచర్‌ మెడిసిన్‌’ పత్రికలో వచ్చింది. ఏదో ఒక అభిరుచి ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అభిరుచి వల్లే ఇదంతా జరిగిందని కచ్చితంగా చెప్పలేం గానీ, రెండింటికీ సంబంధం మాత్రం స్పష్టం.

చెక్కపనిలో దీనికి తోడు మరికొన్ని ఉన్నాయి. నిలబడి చేసే పని. చెయ్యి, కన్ను, లెక్క ఒక్కసారే పనిచేయాలి. రంపం పట్టుకున్న అరగంట ఫోను వైపు చూడటం కుదరదు. సాయంత్రానికి చేతితో తాకి చూసుకోగల వస్తువు ఒకటి తయారవుతుంది. ఈమెయిళ్లతో గడిచే వారంలో ఈ తృప్తి దొరకదు. ఇది నడకకు, వ్యాయామానికి ప్రత్యామ్నాయం కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

పొట్టు వేరు.. నుసి వేరు

మనందరికీ భయం వేళ్ల గురించే. ఆ భయం మంచిదే. కానీ గాయం కంటికి కనిపిస్తుంది. చెక్క నుసి కనిపించదు. చేతిరంపంతో కోస్తే రాలే పొట్టు చాలావరకు కింద పడుతుంది. చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొరలు లేస్తాయి. వాటిని చీపురుతో ఊడ్చేయొచ్చు. అదే చెక్కను సాండర్‌తో నునుపు చేస్తే వచ్చేది పిండి కన్నా మెత్తటి నుసి. అది గాల్లో గంటల తరబడి తేలుతుంది. ముక్కులోకి, గొంతులోకి, అంతకన్నా సన్నగా ఉంటే ఊపిరితిత్తుల లోపలి వరకు వెళ్తుంది.

ఇంగ్లండ్‌లోని హై వికమ్‌ కుర్చీల తయారీకి పేరుపొందిన ఊరు. అక్కడి ఫర్నిచర్‌ పనివారిలో ముక్కు లోపల అరుదుగా వచ్చే ఒక రకం క్యాన్సర్‌ మామూలు కన్నా ఎక్కువగా ఉండటాన్ని స్థానిక ఈఎన్‌టీ సర్జన్‌ ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్‌ గుర్తించారు. ఆ పరిశోధన 1968లో ‘బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌’లో వచ్చింది. ఆ తర్వాత 1995లో అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ చెక్క నుసిని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్‌ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో చేర్చింది.

దీన్ని చదివి రంపం అటకెక్కించాల్సిన పని లేదు. ఆ క్యాన్సర్‌ చాలా అరుదు. అది ఎక్కువగా కనిపించింది ఏళ్ల తరబడి రోజంతా ఆ నుసిలో పనిచేసినవారిలో. వారానికి నాలుగు గంటలు చేసేవారికి ముప్పు అంతకన్నా చాలా తక్కువ. మనకు ఎక్కువగా ఎదురయ్యేవి తుమ్ములు, ముక్కు దిబ్బడ, దగ్గు, ఆయాసం, చర్మం మీద దద్దుర్లు. టేకు, జిట్రేగి నుసి కొందరి చర్మానికి అస్సలు పడదు. ఇంట్లో ఆస్థమా ఉన్న పిల్లలో, పెద్దలో ఉంటే ఆదివారం పని సోమవారం ఆసుపత్రికి దారితీయొచ్చు.

ఎంత నుసి ఎక్కువ? ఘనపు మీటరు గాలిలో గట్టి చెక్కల నుసి 8 గంటల సగటున 3 మిల్లీగ్రాములు మించకూడదని బ్రిటన్‌ నిబంధన. ఐరోపా సమాఖ్యలో అది 2 మిల్లీగ్రాములే. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే గదంతా కలిపి 84 మిల్లీగ్రాముల నుసి తేలుతున్నా బ్రిటన్‌ హద్దును తాకినట్టే. అది చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. తలుపులు మూసిన గదిలో సాండర్‌ తిప్పితే ఎంత లేస్తుందో మీరే ఊహించండి.

తాతల కాలంలో మాస్కులున్నాయా?

ఈ మాట తప్పకుండా వస్తుంది. ‘మా ఊళ్లో వడ్రంగి తాత ఎనభై ఏళ్లు బతికాడు, మాస్కు మొహం చూశాడా’ అంటారు. ఆయన చేతిలో ఉన్నవి బాడిస, ఉలి, చిత్రిక, చేతిరంపం. పని చేసింది వేపచెట్టు కింద, ఆరుబయట. కోసింది అసలు చెక్క. మనం పని చేసేది మూసిన ఫ్లాటులో, నిమిషానికి వేలసార్లు తిరిగే మిషన్లతో. పైగా కోసేది చాలావరకు ప్లైవుడ్‌, ఎండీఎఫ్‌. ఎండీఎఫ్‌ అంటే చెక్క పీచును జిగురుతో కలిపి అదిమిన పలక. ఆ జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్‌ ఉంటుంది. ఇది కూడా క్యాన్సర్‌ కారకాల మొదటి గ్రూపులోనిదే. ఎండీఎఫ్‌ను కోస్తే వచ్చే నుసి కూడా మరీ మెత్తన. తాతతో పోలిక ఇక్కడ కుదరదు.

అసలు తాత దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అది చేతి పనిముట్లతో మొదలుపెట్టడం. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర వాడటంలో కారణం ఉంది. అవి చేతికి లొంగే మెత్తటి కలప. కొత్తగా నేర్చుకునేవారికి ఒక మంచి చేతిరంపం, రెండు ఉలులు, చిత్రిక, మూలమట్టం, రెండు క్లాంపులు చాలు. అడితిలో మిగిలిపోయిన తుక్కు చెక్కతో ఆర్నెల్లు నేర్చుకోవచ్చు. నుసి తక్కువ, చప్పుడు తక్కువ, పక్క ఫ్లాటువాళ్లతో గొడవా తక్కువే.

చెవులు, వేళ్లు జాగ్రత్త

రోజుకు 8 గంటలు వినేవారికి 85 డెసిబెళ్లు హద్దు అని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్‌ చెబుతోంది. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగానికి తగ్గుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంటే. కరెంటు రంపాలు, రౌటర్లు ఈ స్థాయిని తేలిగ్గా అందుకుంటాయి. ఇయర్‌ప్లగ్గులు ఖరీదైనవి కావు. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

మన దగ్గర మరో ప్రమాదకరమైన అలవాటుంది. గ్రైండర్‌కు గార్డు తీసేసి, చెక్క కోసే పళ్ల చక్రం బిగించడం. చిన్న గ్రైండర్‌ నిమిషానికి దాదాపు 11 వేలసార్లు తిరుగుతుంది. చక్రం చెక్కలో ఇరుక్కుంటే మిషన్‌ ఒక్కసారిగా మీదికి ఎగురుతుంది. దీన్ని ఇంట్లో ఎవరు మొదలుపెట్టినా ఆపించండి. తిరిగే చక్రం దగ్గర చేతితొడుగులు, చున్నీ, వదులు చొక్కా కూడా వద్దు. కంటికి అద్దాలు తప్పనిసరి.

ఒకవేళ వేలు తెగిపడితే కంగారులో దాన్ని నేరుగా ఐసులో వేయొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్‌ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, చెయ్యి పైకెత్తి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో పాటించాల్సినవి

* ఎన్‌95 మాస్కు ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే గాలి పక్కల నుంచి దూరుతుంది. జేబురుమాలు, గుడ్డ మాస్కు నుసిని ఆపలేవు. పని ఆగాక కూడా, ఊడ్చి తుడవడం పూర్తయ్యేదాకా మాస్కు తీయొద్దు.
* పడకగదిలో, వంటగదిలో పని వద్దు. డాబా, పెరడు మేలు. బాల్కనీ అయితే ఇంట్లోకి తెరుచుకునే తలుపు మూసేయండి. సీలింగ్‌ ఫ్యాను నుసిని ఇల్లంతా పరుస్తుంది. గాలిని బయటకు తోసేలా టేబుల్‌ ఫ్యాను పెట్టుకోండి.
* పొడి చీపురు బదులు వ్యాక్యూమ్‌ క్లీనర్‌ లేదా తడిగుడ్డ వాడండి. పని బట్టలు విడిచి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి.
* మెరుగు కోసం అవిసె నూనె వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు. వాటిలో వేడి పుట్టి తమంతట తామే అంటుకుంటాయి. 1991లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇలాంటి గుడ్డలతో మొదలైన మంటలు ఎత్తయిన భవనాన్ని దహించి ముగ్గురు అగ్నిమాపక సిబ్బందిని బలిగొన్నాయి. గుడ్డల్ని విప్పి ఆరుబయట ఆరేయండి.
* ఆదివారం రాత్రుళ్లు మాత్రమే దగ్గు, పిల్లికూతలు వస్తుంటే డాక్టరుకు మీ చెక్కపని గురించి చెప్పండి. ఒకవైపు ముక్కే వారాల తరబడి దిబ్బడేసినా, రక్తం వస్తున్నా ఈఎన్‌టీ నిపుణుణ్ని కలవాలి.

మనింటి వడ్రంగి సంగతేంటి?

మనం వారానికి నాలుగు గంటల పనికి ఇన్ని జాగ్రత్తల గురించి మాట్లాడుకుంటున్నాం. మరి కొత్త ఫ్లాటులో కబోర్డుల కోసం నెలల తరబడి, రోజంతా అదే నుసిలో పనిచేసే మనిషి? ప్లైవుడ్‌ ఏ కంపెనీదో, లామినేట్‌ ఏ రంగో గంటలకొద్దీ చర్చిస్తాం. ఆయన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు వైపు మాత్రం చూడం. ఇంటీరియర్‌ ఖర్చులో నాలుగు మాస్కులు, కళ్లద్దాలు, ఇయర్‌ప్లగ్గులు లెక్కలోకే రావు. వాటిని ఒప్పందంలోనే రాయించాలి. చెక్క కోయడం బాల్కనీలోకో, సెల్లార్‌లోకో మార్పించాలి. పని నడుస్తుండగా ఆ ఇంట్లో కాపురం ఉండకపోవడం మనకూ మంచిదే.

చెక్కపని నేర్చుకున్నవారికి ఒక పలకను నునుపు చేయడానికి ఎంత నుసి పుడుతుందో తెలుస్తుంది. అది తెలిశాక మన ముక్కును మాత్రమే కాపాడుకుని ఊరుకుంటే ఆ తెలివి సగమే. ఈ శనివారం మాస్కులు కొనేటప్పుడు ఒక పెట్టె ఎక్కువే కొనండి.