కాలువ దాటని పాండిచ్చేరి యాత్ర

మద్రాసు తెలుగిళ్ళలో ఇప్పుడు మూడు రోజులు వరసగా సెలవు వచ్చిందంటే చాలు, కారు ఈసీఆర్ ఎక్కి పాండి వైపు తిరుగుతుంది. రెండో రోజుకల్లా ఫ్యామిలీ గ్రూపు నిండా ఒకటే ఫోటో: పసుపు గోడ, దాని మీద కాగితప్పూల తీగ, ముందు మన పిల్ల. కింద "వైట్ టౌన్ సూపర్ అత్తా" అని ఒక మాట. మేమూ వెళ్ళాం, రెండు రాత్రులు ఉన్నాం. చూసినదాన్ని బట్టే ఈ తగువు పెట్టుకుంటున్నాం.

ముందు ఆ పేరు సంగతి. వైట్ టౌన్ అంటే సున్నం కొట్టిన ఊరు కాదు, తెల్లవాళ్ళ ఊరు. కాలువకి సముద్రం వైపు వాళ్ళది, ఇవతల మనబోటి వాళ్ళది. ఇవతలిదానికి వాళ్ళు పెట్టిన పేరు నల్ల ఊరు. ఈ రెండో పేరు ఎవరూ బోర్డు మీద రాసుకోరు, సిగ్గు గదా. మొదటి పేరుకి మాత్రం సిగ్గు లేదు, హోటలు గది అద్దె పెంచేదే ఆ పేరు. మద్రాసులోనూ కోట లోపల వైట్ టౌన్, బయట బ్లాక్ టౌన్ ఉండేవి. ఐదో జార్జి పేరు పెట్టి దాన్ని జార్జ్‌టౌన్ చేశారు. మా ముత్తాతలు దుకాణం పెట్టింది ఆ బ్లాక్ టౌన్‌లోనే. వాళ్ళ మునిమనవలం మనం, నోరారా "వైట్ టౌన్" అని మురుస్తున్నాం.

అక్కడ బుస్సీ వీధి అని ఒకటుంది. ఇప్పుడది లాల్ బహదూర్ శాస్త్రి వీధి, జనం నోట్లో మాత్రం ఇంకా బుస్సీయే. ఎవరీ బుస్సీ? 1753లో సలాబత్ జంగు దగ్గర శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులు తన సైన్యం ఖర్చు కింద రాయించుకున్నవాడు. 1757 జనవరిలో విజయనగరం రాజు పక్కన నిలబడి బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చినవాడు. బొబ్బిలి బుర్రకథ విని కళ్ళు తుడుచుకున్న అవ్వ మనవరాలు ఆ వీధిలో క్రోసాంట్ తింటూ ఫోటో దిగుతుంది. తినొద్దని కాదు, బాగానే ఉంటుంది. ఆ పిల్లకి ఈ ముక్క ఇంట్లో ఒక్కరైనా చెప్పారా?

ఇంట్లో చెప్పకపోతే అక్కడా చెప్పరు. మేము డబ్బు కట్టి నడిచిన హెరిటేజ్ వాక్ రెండు గంటలు సాగింది. డూప్లే పేరు పదిసార్లు విన్నాం, ఆయన దుబాసీ ఆనందరంగ పిళ్ళై పేరు ఒక్కసారీ వినలేదు. కాలువ అవతలికి తీసుకెళ్ళమంటే, "అటు మార్కెట్ సార్, ఒకటే రద్దీ" అన్నాడు.

ఆ రద్దీలోనే, పెద్ద మార్కెట్టు దగ్గర, పిళ్ళైగారి ఇల్లు ఉంది. 1738 నాటిది. ఆయన 1736 నుంచి తమిళంలో దినచర్య రాసుకున్నాడు, ఫ్రెంచివాళ్ళ లోగుట్టంతా అందులో ఉంది. మనకి అంతకంటే దగ్గరి మాట ఇంకొకటుంది. కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథం రాసి, దానికి ఈయన పేరే పెట్టాడు, ఆనందరంగరాట్ఛందం అని. పాండిచ్చేరి దుబాసీ పేరు మీద తెలుగు లక్షణ గ్రంథం! 1761 జనవరి 12న పిళ్ళై పోయాడు, నాలుగు రోజులకి ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. వాళ్ళు తెల్ల ఊరిని నేలమట్టం చేశారు. తర్వాత మళ్ళీ కట్టుకున్నదే ఇప్పుడు మనం చూసే వైట్ టౌన్. అంటే "ఎంత పాతవో" అని మనం ముచ్చటపడే ఆ పసుపు గోడల కంటే ఈ దుబాసీ ఇల్లే వయసులో పెద్దది. దాని ముందు ఫోటో దిగేవాళ్ళు మాకు కనబడలేదు.

"మన వారసత్వం కావాలంటే హంపికి పో, లేపాక్షికి పో, పాండిలో ఏముందిరా" అనే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళతో మేము ఒప్పుకోం. ఆ ఊళ్ళు రాజులవి. బయటికొచ్చి స్థిరపడ్డ మనవాళ్ళ చరిత్ర రేవుల్లోనూ, దుబాసీల ఇళ్ళలోనూ, రెండు మూడు భాషలు మాట్లాడే బజారుల్లోనూ ఉంది. యానాంలో ఉన్న మన చుట్టాలనడగండి. పాండి వాళ్ళకి రాజధాని, సినిమా సెట్టు కాదు. 30 మంది ఎన్నికైన సభ్యులున్న ఆ శాసనసభలో యానానికి ఒక సీటుంది.

ఇంకో మాట, ఇది కాస్త ఘాటుగానే ఉంటుంది. కాలువ ఇవతలి వీధుల్లో అరుగులు, చెక్క స్తంభాలు, నడుమ ముట్రం ఉన్న ఇళ్ళు ఒక్కొక్కటే కూలి అపార్టుమెంట్లు అవుతున్నాయి. మన ఊళ్ళలో మనం చేసిందీ అదే గదా? తాత కూర్చున్న అరుగు పగలగొట్టి కారు షెడ్డు వేసుకున్నాం. ఇప్పుడు రాత్రికి వేలు పోసి అరుగున్న హోటల్లో దిగి, ఆ అరుగు మీద కాఫీ తాగుతున్నాం. ఆ హోటళ్ళ మధ్య ఇంకా కాపురాలున్నాయని కూడా మరిచిపోతున్నాం. ఒక పెద్దావిడ పాల సంచీతో వచ్చి, తన గడప ముందు పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు లేచేదాకా ఎండలో నిలబడింది. వాళ్ళు మాట్లాడుకుంటున్నది తెలుగే.

దసరాకి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి గది కాలువ ఇవతల, మార్కెట్టు దగ్గర తీసుకున్నాం. అద్దె కూడా తక్కువే.